షాక్ మీద ఆ రెండు అంగుళాలు

(ఆదివారం వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండ మీద మౌంటెన్ బైక్ రైడ్ అయ్యాక చెట్టు కింద జరిగిన మాటల రికార్డింగ్ నుంచి టైప్ చేసింది. రాలేకపోయినవాళ్ల కోసం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ వినిపిస్తోందా? మైకు లేదు, వెనకాల ఉన్నవాళ్లు కాస్త ముందుకి జరగండి. టీ తాగుతూనే వినండి, పర్లేదు.

ముందు ఒక పని చేద్దాం. ఎవరి సైకిల్ దగ్గరికి వాళ్లు వెళ్లండి. ఎక్కకండి. సీటు మీద చెయ్యి వేసి ఒత్తకండి కూడా. ఊరికే వంగి వెనక షాక్ వైపు, అంటే కుదుపులు తినే షాక్ అబ్జార్బర్ వైపు చూడండి. లావుపాటి డబ్బా ఒకటి ఉంది కదా, అందులోంచి బయటికి వచ్చి నున్నగా మెరిసే రాడ్ ఒకటి ఉంది కదా. కొందరిది నల్లగా ఉంటుంది, కొందరిది రాగి రంగులో ఉంటుంది. మహా అయితే రెండు, రెండున్నర అంగుళాలు. ఇవాళ నేను మాట్లాడేది ఆ రెండు అంగుళాల గురించే. సైకిల్‌కి లక్ష పెట్టినా, మూడు లక్షలు పెట్టినా, వెనక చక్రం రాళ్ల మీద మెత్తగా నడవాలంటే ఆ రెండు అంగుళాలు నున్నగా ఉండాలి. అంతే.

ఇప్పుడు ఆ రాడ్ మీద ఒక చిన్న రబ్బరు రింగు కనిపిస్తుంది చూడండి. మనం కూర్చుంటే షాక్ ఎంత దిగుతోందో కొలవడానికి పెట్టిన ఓ-రింగ్ అది. శాగ్ ఇరవై అయిదు శాతం, ముప్ఫై శాతం అని సెట్ చేసుకుంటాం కదా, దానికి. ఆ రింగుని వేలితో మెల్లగా కొంచెం పక్కకి జరపండి. కింద ఏం కనిపిస్తోంది? నల్లగా గీత గీసినట్టు ఒక వలయం ఉంటుంది. తీసి రెండు వేళ్ల మధ్య నలపండి. గరగరమంటోందా? అది ఇసుక. షాక్ లోతుగా దిగినప్పుడల్లా ఆ రింగు ఆ ఇసుకని మోసుకుంటూ రాడ్ మీద జరుగుతూ వచ్చింది. సైకిల్ కడిగేటప్పుడు మనం ఆ రింగు చుట్టూ తుడుస్తాం, దాని కింద తుడవం. రింగు ఎత్తి తుడవండి. ఇవాళ నేను చెప్పేవాటిలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుంచుకోండి.

తమ్ముడూ, ఆ నీలం సైకిల్ ఎవరిది? నీదేనా? దానికి బురద ఎండి పెచ్చు కట్టింది. అలాగే ఉంచు, ముట్టుకోకు. ఇదిగో ఈ గుడ్డ నీళ్లలో ముంచి రాడ్ చుట్టూ చుడుతున్నాను. మాటలయ్యేదాకా ఇలాగే ఉండనివ్వు. చివర్లో అందరం చూద్దాం.

సరే. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఎందుకు తుడవాలో నేను చెప్పక్కర్లేదు. ఎయిర్ షాక్ అంటే డబ్బాలో గాలి. మన బరువుని బట్టి 150 నుంచి 250 పీఎస్ఐ దాకా కొడతాం. కారు టైరులో ముప్ఫై చిల్లర ఉంటుంది, దాంతో పోల్చుకోండి. అంత ఒత్తిడిని బయటికి పోకుండా ఆపేది రాడ్‌ని చుట్టుకుని ఉండే సన్నటి రబ్బరు సీల్. ఆ సీల్‌కి ముందు, డబ్బా అంచునే, ఇంకో పెదవి లాంటి రబ్బరు ఉంటుంది. దాన్ని వైపర్ అంటారు. పేరులోనే ఉంది, కారు అద్దం మీద వైపర్ చేసే పనే ఇదీ చేస్తుంది. రాడ్ లోపలికి వెళ్లే ప్రతిసారీ దాని మీదున్న దుమ్ముని తుడిచి బయటే ఆపుతుంది. గాలిని ఆపడం దాని పని కాదు. పెద్ద ఒత్తిడితో కొట్టే నీళ్లని ఆపడం కూడా దాని పని కాదు. ఈ మాట మళ్లీ చెప్తాను, దీనితో నాకు పెద్ద దెబ్బే తగిలింది.

ఇప్పుడు ఆలోచించండి. కారు అద్దం మీద ఎండిన మట్టి ఉన్నప్పుడు నీళ్లు చల్లకుండా వైపర్ వేస్తే ఏమవుతుంది? అద్దం మీద గీతలు పడతాయి. అంత గట్టి అద్దానికే పడితే ఈ రాడ్ ఎంత? రాడ్ అల్యూమినియంది, పైన గట్టి యానోడైజింగ్ పూత ఉంటుంది. పూత గట్టిదే, కానీ చాలా పలచన, మైక్రాన్లలో ఉంటుంది. దాని కింద ఉన్నది మెత్తటి అల్యూమినియమే. మన దగ్గర మట్టిలో ఏముంటుంది? హైదరాబాద్ చుట్టుపక్కలంతా గ్రానైట్ రాళ్లే, అవి అరిగి అరిగి వచ్చిన ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది. ఖనిజాల గట్టిదనం కొలిచే మోహ్స్ స్కేలు మీద క్వార్ట్జ్ 7. మామూలు ఇనుప మేకు దాని ముందు నిలవదు. అలాంటి రేణువు ఒకటి వెళ్లి వైపర్ రబ్బరులో గుచ్చుకుందనుకోండి, అది ఇక అక్కడే కూర్చుని షాక్ కదిలిన ప్రతిసారీ రాడ్‌ని గీకుతుంది. రబ్బరు అరగదు, రాడ్ అరుగుతుంది. వినడానికి వింతగా ఉంటుంది కానీ, షాక్‌లు విప్పేవాళ్లని ఎవరినైనా అడగండి.

ఒకసారి నిలువు గీత పడిందంటే ఇక అంతే. గాలి ఆ గీతలోంచే మెల్లగా తప్పించుకుంటుంది, ఆయిల్ ఆ గీతలోంచే బయటికి వస్తుంది, దుమ్ము ఆ గీతలోంచే లోపలికి పోతుంది. సీల్ కిట్ అయితే మార్చుకోవచ్చు, అది పెద్ద ఖర్చు కాదు. రాడ్ మార్చాలంటే ఆ పార్టు బయటి దేశం నుంచి రావాలి, వారాలు ఆగాలి, కొన్ని మోడళ్లకైతే కొత్త షాక్ కొనడమే నయమంటారు. ఇదంతా దేని వల్ల? తడిగుడ్డతో ఒక్కసారి తుడవకపోవడం వల్ల!

బురద ఎక్కడ్నుంచి వచ్చి పడుతుంది? చాలామంది ముందు చక్రం నుంచి అనుకుంటారు. ముందు చక్రం కొట్టేది ఎక్కువగా డౌన్ ట్యూబ్‌కి, అంటే హ్యాండిల్ నుంచి పెడల్స్ దాకా దిగే గొట్టానికి, మన కాళ్లకి. షాక్‌ని కొట్టేది వెనక చక్రం. చక్రం కింద బురదని పట్టుకుంటుంది, వెనక వైపు నుంచి పైకి మోసుకొస్తుంది, పైకొచ్చాక ముందుకి విసురుతుంది. మీరు పాతిక కిలోమీటర్ల వేగంలో ఉంటే ఆ ముద్ద కూడా సైకిల్‌తో పోలిస్తే పాతిక వేగంతోనే ముందుకొచ్చి కొడుతుంది. ఆ దారిలో ఏముంది? సీటు కింద నిలువుగా ఉండే సీట్ ట్యూబ్ ఉంది, దాని పక్కనుంచి తప్పించుకుంటే షాక్ ఉంది. పైన అడ్డంగా ఉండే టాప్ ట్యూబ్ కింద పడుకోబెట్టినట్టు షాక్ ఉండే ఫ్రేములవాళ్లకి కొంత నయం. షాక్ బాగా కిందికి, పెడల్స్ దగ్గర, సీట్ ట్యూబ్‌లోంచి సొరంగంలా దూరి ఉండే ఫ్రేములవాళ్లు మాత్రం జాగ్రత్త. అక్కడ షాక్ సరిగ్గా టైరు ఎదురుగా ఉంటుంది, పడిన బురద కిందికి జారదు, గూట్లో పేరుకుపోతుంది. శాంటా క్రూజ్ లాంటి కంపెనీలు అలాంటి ఫ్రేములకి షాక్ వెనక చిన్న రబ్బరు తెర పెట్టే అమ్ముతున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు ఆ తెర ఉందో లేదో చూసుకోండి, పాత ఓనరు తీసి పారేసి ఉండొచ్చు.

మరి తెర లేనివాళ్లు? పాత ట్యూబు. పంక్చర్ షాపులో పనికిరాని బైకు ట్యూబు ఇమ్మంటే ఊరికే ఇస్తారు, సైకిల్ ట్యూబు కన్నా మందంగా ఉంటుంది, మన పనికి అదే మంచిది. పొడుగ్గా చీల్చి పరిస్తే జానెడు వెడల్పు వస్తుంది. ఒక అంచు సీట్ ట్యూబ్‌కో టాప్ ట్యూబ్‌కో, రెండో అంచు వెనక చక్రాన్ని పట్టుకునే స్టేల మధ్య ఉండే అడ్డకమ్మీకి, నాలుగు చిల్లులు పొడిచి జిప్ టైలు వేస్తే అయిపోయింది. కానీ ఆగండి, ఇక్కడే చాలామంది తొందరపడతారు. కట్టగానే ఎక్కి వెళ్లిపోకూడదు. షాక్‌లో గాలి మొత్తం తీసేసి, సీటు మీద బరువు వేసి, షాక్‌ని పూర్తిగా కిందికి దించి చూడాలి. అప్పుడు టైరు ఎక్కడిదాకా వస్తోంది? ట్యూబుకి తగులుతోందా? ట్యూబు షాక్‌ని కదిపే లింకుల మధ్య నలుగుతోందా? వదులుగా వేలాడి రాడ్‌ని రాస్తోందా? అన్నీ చూసి, అడ్డొచ్చింది కత్తిరించి, మళ్లీ గాలి కొట్టుకోవాలి. పెద్ద డ్రాప్‌లో, అంటే ఎత్తు మీంచి కిందికి దూకినప్పుడు, టైరు ఆ రబ్బరుని లాక్కుందంటే చక్రం ఆగిపోయి మనిషి పడతాడు, మామూలు విషయం కాదు.

ఏమన్నారక్కా? తొడుగా? అవును, షాక్ చుట్టూ చుట్టి వెల్క్రోతో మూసే నియోప్రీన్ తొడుగులు దొరుకుతాయి. అడిగారు కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రైడ్‌లో అవి పనిచేస్తాయి, రాళ్ల దెబ్బలు కూడా తగలనివ్వవు. కానీ వేసి మర్చిపోయేవాళ్లకి అవి వద్దు. సన్నటి దుమ్ము ఎలాగైనా లోపలికి దూరుతుంది, తడి లోపలే ఉండిపోతుంది, పైనుంచి చూస్తే అంతా శుభ్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది. తడిసిన దుమ్ముని రాడ్‌కి కట్టి ఉంచినట్టే. కొన్ని బుల్లెట్ బళ్లకి ముందు ఫోర్కుల మీద హార్మోనియం తిత్తిలా ముడతల రబ్బరు ఉంటుంది చూశారా? తొంభైలలో మౌంటెన్ బైకుల ఫోర్కులకి కూడా అలాంటివి వచ్చేవి. తర్వాత పోయాయి. సీల్‌లు మెరుగయ్యాయి, పైగా కనిపించే రాడ్ అయితే మనం తుడుస్తాం, కనిపించని రాడ్‌ని ఎవరు తుడుస్తారు? తొడుగు వాడతానంటారా, వాడండి. ఇంటికి రాగానే విప్పండి, ఉతకండి, ఆరబెట్టండి, రాడ్ తుడిచాకే మళ్లీ వేయండి.

ఎర్రమట్టి, నల్లరేగడి

ఈ కొండ మీదంతా ఎర్రమట్టి, మొరం. ఎండాకాలం ఇది పౌడర్‌లా లేస్తుంది. అందరూ వానాకాలం బురద చూసి భయపడతారు కానీ, ఏప్రిల్, మే నెలల్లో లేచే ఆ సన్నటి దుమ్ము కూడా తక్కువది కాదు. కంటికి కనిపించదు, రాడ్ మీద కాస్త నూనె తడి ఉంటే చాలు, అతుక్కుని ముద్దవుతుంది. నూనె, ఇసుక కలిస్తే ఏమవుతుంది? వాల్వులు రుద్దడానికి మెకానిక్‌లు వాడే పేస్టు లాంటిది తయారవుతుంది. అందుకే రాడ్ మీద చైన్ ఆయిల్ వెయ్యకండి, కొబ్బరినూనె వెయ్యకండి, కుట్టుమిషన్ నూనె కూడా వెయ్యకండి. డబ్ల్యూడీ-40 కొట్టి మెరిపించేవాళ్లు కొందరున్నారు. అది సీల్ దగ్గరున్న గ్రీజుని కరిగించి తీసుకుపోతుంది. కిరోసిన్ కూడా అంతే. రాడ్ పొడిగా, శుభ్రంగా ఉండాలి. రైడ్ తర్వాత సన్నటి నూనె వలయం ఒకటి కనిపిస్తే కంగారు పడొద్దు, అది మామూలే, తుడిచెయ్యండి. తుడిచిన ప్రతిసారీ చుక్కలు చుక్కలుగా వస్తుంటే మాత్రం సీల్ పోయినట్టు.

కొండ దిగి పరిగి, తాండూరు వైపు వెళ్తే నల్లరేగడి. తాండూరు కందిపప్పు రుచి ఆ నేలదే, నాకు ఆ నేల మీద ఎంతో గౌరవం. కానీ వాన పడ్డాక దాని మీద సైకిల్ తొక్కితే చక్రం పది చుట్లు తిరిగేలోపు టైరు రెండింతలు లావవుతుంది, ఫ్రేముకీ టైరుకీ మధ్య మట్టి ఇరుక్కుని చక్రం తిరగదు, షాక్ ఎక్కడుందో కనిపించదు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, జిగురులా పట్టుకుంటుంది, ఎండితే రాయి. అలాంటప్పుడు దిగిపోండి, సైకిల్ భుజాన వేసుకుని గట్టు దాకా నడవండి. తొక్కుదాం, చూద్దాం అనుకోకండి. చేలల్లో ఆ దారులు పాడుచేస్తే రైతుకి కూడా ఇబ్బంది.

అసలు నష్టం ఎక్కువగా ఎక్కడ జరుగుతుందో చెప్తాను. ట్రయల్ మీద కాదు, ఇంటి దగ్గర. ఆదివారం రైడ్ చేస్తాం, అలసిపోతాం, సైకిల్ బాల్కనీలో పెట్టేస్తాం. బుధవారం సాయంత్రం అటుగా వెళ్తూ సీటు మీద చెయ్యి వేసి రెండుసార్లు ఊపుతాం. అందరికీ ఉండే అలవాటే ఇది, షాక్ మెత్తగా ఉందా లేదా అని చూస్తాం. ఆ రెండు ఊపులే ప్రాణాంతకం. తడి బురదని వైపర్ నెట్టేయగలదు. మూడు రోజులు ఎండిన పెచ్చు సీల్ అంచుని ఆనుకుని ఉన్నప్పుడు దాన్ని లోపలికి తోస్తే వైపర్ పెదవి లేచిపోతుంది, పెచ్చు పొడి అయి లోపలికి పోతుంది. అందుకే ఇందాక మీ సైకిళ్ల దగ్గరికి వెళ్లగానే ఎక్కకండి, ఒత్తకండి అన్నాను.

కారు వెనక ర్యాక్‌కి కట్టుకుని వచ్చేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఎనభై వేగంతో రెండు గంటలు రోడ్డు మీద దుమ్మూ వాననీరూ దాని మీద కొడుతూనే ఉంటాయి. షాక్ మీద ప్లాస్టిక్ కవరో పాత టీషర్టో చుట్టి కట్టండి. ఇంటికి రాగానే విప్పేయండి.

ఎలా కడగాలి

నాకు తగిలిన దెబ్బ చెప్తానన్నాను కదా. కొన్నేళ్ల కిందట వానాకాలంలో ఒక రైడ్ అయ్యాక ఒళ్లు నొప్పులతో ఓపిక లేక, దారిలో బండ్లకి వాటర్ సర్వీసింగ్ చేసే చోట ఆగాను. అబ్బాయి చాలా శ్రద్ధగా కడిగాడు, అతని తప్పేం లేదు, బైకులు ఎలా కడుగుతాడో అలాగే కడిగాడు. గన్ను దగ్గరగా పెట్టి షాక్ సందుల్లోకి, బేరింగుల్లోకి కొట్టాడు. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను, ఎంత తళతళలాడుతోందో అనుకున్నాను. చేతిలో పట్టుకునే మామూలు ప్రెషర్ వాషర్ కూడా వంద బార్ పైనే కొడుతుంది. దాని ముందు ఆ సన్నటి వైపర్ పెదవి ఎంత? రెండు మూడు వారాల తర్వాత షాక్ దిగినప్పుడల్లా చిక్ చిక్ మని చప్పుడు మొదలైంది. విప్పించాను. ఎయిర్ డబ్బాలో కాస్తంత ఆయిల్ ఉంటుంది కదా, సీల్ జారడానికి వేసేది, అది మజ్జిగలా తెల్లగా అయిపోయింది. నీళ్లు కలిసిన నూనె. అందులో సన్నటి బూడిదరంగు మడ్డి. ఆ మడ్డిని వేలితో తీసి చూసినప్పుడు నాకు నిజంగా బాధేసింది. అంత ఇష్టపడి కొనుక్కున్న సైకిల్, నేను దగ్గరుండి పాడు చేయించాను.

ఇప్పుడు నేను చేసేది చాలా సింపుల్. ఒక బకెట్ నీళ్లు, మగ్గు, కాస్త షాంపూ, మెత్తటి బ్రష్. ముందు మగ్గుతో నీళ్లు పైనుంచి వదిలి నానబెడతాను. అన్నం గిన్నె అడుగున మెతుకులు అంటుకుంటే ఏం చేస్తాం? నీళ్లు పోసి పక్కన పెడతాం, కాసేపటికి అవే వదులుతాయి. పొడిగా గీకితే గిన్నె పాడవుతుంది. ఇదీ అంతే. నానాక బ్రష్‌తో మెల్లగా, సీల్ నుంచి బయటి వైపుకి, సీల్ వైపుకి ఎప్పుడూ కాదు. నీళ్లు వదిలి, వేరే శుభ్రమైన గుడ్డతో రాడ్ తుడిచి, రింగు ఎత్తి దాని కింద తుడిచి, అప్పుడు సీటు మీద నాలుగుసార్లు మెల్లగా ఒత్తుతాను. వైపర్ దగ్గర మళ్లీ సన్నటి నల్ల గీత వస్తుంది. అది లోపల దాక్కున్న దుమ్ము. తుడుస్తాను. మళ్లీ ఒత్తుతాను. గీత రాకుండా అయ్యేదాకా. అయిదు నిమిషాలు పడుతుంది. చైన్ తుడిచిన గుడ్డ మాత్రం దీనికి వాడకండి.

గాలి కొట్టే వాల్వు మూత పోగొట్టుకున్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, ఎంతమందో. ఆ మూత లేకపోతే వాల్వులో దుమ్ము కూర్చుంటుంది, పంపు పెట్టగానే ఆ దుమ్ముని గాలితో కలిపి లోపలికి మనమే పంపిస్తాం. కారు టైరు మూత సరిపోతుంది, పెట్టుకోండి.

గాలి బదులు స్ప్రింగ్ ఉండే కాయిల్ షాక్ వాళ్లకి రెండు మాటలు. మీకు గాలి సీల్ గొడవ లేదు, కానీ స్ప్రింగ్ చుట్ల మధ్య బురద ఇరుక్కుంటుంది, లోపలి సన్నటి రాడ్ కనిపించదు. స్ప్రింగ్ చుట్ల మధ్య నుంచి నీళ్లు పోసి బ్రష్ పెట్టండి. ఇక షాక్‌ని ఫ్రేముకి కలిపే రెండు చివర్ల బుష్‌లు ఉంటాయి. సీటు పట్టుకుని సైకిల్‌ని ఒక వెంట్రుకవాసి పైకి లేపి వదలండి, టక్ మని వేలికి తెలిసిందంటే బుష్ అరిగింది. మార్చెయ్యండి, చవకే.

సర్వీసు ఎప్పుడు? షాక్‌లు తయారుచేసే రాక్‌షాక్స్ వాళ్లు ఎయిర్ డబ్బాని 50 గంటల రైడింగ్‌కోసారి, షాక్ ఊగిపోకుండా ఆపే లోపలి డ్యాంపర్‌ని 200 గంటలకోసారి చూడమంటారు. ఫాక్స్ వాళ్లు 125 గంటలకో ఏడాదికో, ఏది ముందొస్తే అది. 50 గంటలంటే ఎంత? ఆదివారానికి మూడు గంటల లెక్కన నాలుగు నెలలు. ఇంకా చాలా టైముంది అనుకుంటాం, ఇట్టే వచ్చేస్తుంది. మన దుమ్ములో నేనైతే ఆ లెక్కకి ముందే విప్పుతాను. ఇంట్లో విప్పాలనుకునేవాళ్లు గాలి పూర్తిగా తీశాకే ముట్టుకోండి. గాలి తీశాక కూడా షాక్ పొట్టిగా బిగుసుకుపోయి పైకి రాకపోతే అస్సలు విప్పొద్దు. లోపలి రెండో గదిలో గాలి ఇరుక్కుని ఉంటుంది, విప్పగానే డబ్బా తుపాకీ గుండులా ఎగిరిపోవచ్చు. తెలిసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి.

ఇదంతా ఎక్కువ చాకిరీ అనిపిస్తోందా? మౌంటెన్ బైకింగ్ పుట్టిన చోట ఏం జరిగిందో వినండి. అమెరికాలో కాలిఫోర్నియా, మరిన్ కౌంటీ. 1976 అక్టోబర్ 21న అక్కడి కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్ల మీద కొండ దిగే మొదటి పందెం పెట్టుకున్నారు. దాని పేరు రీప్యాక్. ఎందుకా పేరు? ఆ సైకిళ్లకి బ్రేకు వెనక హబ్బులోనే ఉండేది, పెడల్ వెనక్కి తొక్కితే పడేది. కొండ దిగేసరికి వేడికి హబ్బులో గ్రీజు పొగై పోయేది. దిగిన ప్రతిసారీ హబ్బు విప్పి మళ్లీ గ్రీజు నింపుకోవాల్సిందే. ఆ నింపుకోవడం పేరే పందేనికి పెట్టుకున్నారు. వాళ్లు ఒక్క దిగుడికి హబ్బంతా విప్పేవాళ్లు. మనల్ని అడిగేది ఒక బకెట్ నీళ్లు, ఒక గుడ్డ.

తమ్ముడూ, నీ సైకిల్ ఇటు తీసుకురా. హ్యాండిల్ పట్టుకుని నడిపించు, ఒత్తకు. అందరూ దగ్గరికి రండి. గుడ్డ విప్పుతున్నాను. చూడండి, ఇందాక గోరు దిగని పెచ్చు ఇప్పుడు పిండి ముద్దలా ఉంది. గీకట్లేదు, ఒక్క తుడుపు, ఇలా, బయటి వైపుకి. వచ్చేసింది. గుడ్డ మడత తిప్పి ఇంకోసారి. రింగు ఎత్తి కింద కూడా. ఇప్పుడు నీ బొటనవేలి గోరు రాడ్ మీద అడ్డంగా, మెల్లగా జరుపు. చుట్టూ జరుపు, వెనక వైపు కూడా, టైరు వైపే ముందు గీతలు పడేది. ఎక్కడైనా ఆగిందా? లేదు కదా? గీత లేదు. ఇంక ఎక్కు.